డబ్బిచ్చి రెజ్యూమే రాయించుకునేవాళ్లకు జాగ్రత్త: ‘ఏటీఎస్ స్కోరు 95’ చూసి మోసపోకండి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు రెజ్యూమే రాసిపెడతామనే సర్వీసుకు డబ్బు కట్టబోతున్నారా? ఇది చదివాక కట్టండి. ఇప్పటికే కట్టేసి, ఫైలు చేతికి వచ్చి ఉంటే దాంతో ఇంకో అప్లికేషన్ పెట్టేముందు కింద చెప్పిన పరీక్షలు చేయండి. పావుగంట పని. ఆ పావుగంట పెట్టకపోతే నెలల తరబడి ఫోన్ మోగదు, కారణం కూడా తెలియదు.

ఈ వ్యాపారం చాలాచోట్ల ఒకే తీరున నడుస్తుంది. మొదట ‘మీ రెజ్యూమే ఉచితంగా చెక్ చేస్తాం’ అంటారు. అప్‌లోడ్ చేయగానే ఓ తక్కువ ‘ఏటీఎస్ స్కోరు’ (ఏటీఎస్ అంటే కంపెనీలు తమకు వచ్చిన అప్లికేషన్లను నమోదు చేసి వెతుక్కునే సాఫ్ట్‌వేర్) ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది. ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషికి గుండె జారిపోతుంది, డబ్బు కడతాడు. వాళ్లు రాసిచ్చిన ఫైలుకు అదే సైటులో 95 వస్తుంది. త్రాసూ వాళ్లదే, సరుకూ వాళ్లదే.

అసలు ‘ఏటీఎస్ స్కోరు’ అంటూ అన్ని కంపెనీలకూ చెల్లే అంకె ఏదీ లేదు. వర్క్‌డే, గ్రీన్‌హౌస్, లీవర్, టాలియో ఇవన్నీ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు. ఒకే సాఫ్ట్‌వేర్‌ను కూడా ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెట్టుకుంటుంది. వాటి ప్రధాన పని మీ ఫైలులోంచి అక్షరాలు లాగి, పేరు, కంపెనీ, తేదీలు, చదువు వేర్వేరు గడుల్లో నింపి, రిక్రూటర్ వెతికినప్పుడు చూపించడం. కొన్నిటిలో ర్యాంకింగ్ ఉంటుంది, కానీ అది ఫలానా ఉద్యోగ ప్రకటనతో పోల్చి లెక్కేసేది. ఏ ఉద్యోగమో తెలియకుండా బయటి సైటు ఇచ్చే అంకెకు దాంతో సంబంధం లేదు. మనిషి చూడకముందే అప్లికేషన్ తిరస్కారానికి గురయ్యేది ఎక్కువగా ఫారంలోని ప్రశ్నల దగ్గర: అక్కడ పని చేయడానికి అనుమతి ఉందా, ఎన్నేళ్ల అనుభవం, వేరే ఊరికి మారతారా. ఎంత బాగా రాసిన రెజ్యూమే అయినా ఆ జవాబుల్ని మార్చలేదు. ‘ఇంటర్వ్యూ గ్యారంటీ’ అనే మాట వినపడితే అక్కడితో ఆగిపోండి.

ఇక ఫైలు పరీక్ష. పీడీఎఫ్ తెరిచి కంట్రోల్-ఏ, కంట్రోల్-సీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఏమీ రాకపోతే మీకు ఇచ్చింది బొమ్మ. డిజైన్ టూల్‌లో తయారుచేసి చిత్రంగా ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు ఇలా అవుతుంది. అక్షరాలు వచ్చినా, వచ్చిన వరుస చూడండి. రెండు కాలమ్‌ల టెంప్లేట్‌లో ఎడమవైపు స్కిల్స్, కుడివైపు ఉద్యోగాలు ఒకే లైనులో కలిసిపోయి ‘డాకర్ 2021 పైథాన్ సీనియర్ డెవలపర్’ లాంటి కిచిడీ రావచ్చు. అప్పుడు ఏ తేదీ ఏ ఉద్యోగానిదో పార్సర్‌కు (ఫైలులోంచి వివరాలు లాగే ప్రోగ్రాముకు) అంతుపట్టదు, మీ అనుభవం సున్నాగా కూడా నమోదు కావచ్చు. ఇంకాస్త గట్టిగా పరీక్షించాలంటే పాప్లర్ (Poppler) అనే పీడీఎఫ్ పరికరాల ప్యాకేజీలో వచ్చే పీడీఎఫ్‌టుటెక్స్ట్ (pdftotext) కమాండ్‌ను మామూలుగా ఒకసారి, ‘రా’ (-raw) ఆప్షన్‌తో ఒకసారి నడపండి. మామూలు పద్ధతి చదివే వరుసను ఊహించి సర్దుతుంది. ‘రా’ మాత్రం ఫైలు లోపల ఏ వరుసలో ఉందో అలాగే ఇస్తుంది. రెండిటిలోనూ పైనుంచి కిందికి సాఫీగా చదవగలిగితే ఆ ఫైలును చాలా పార్సర్లు సరిగానే చదువుతాయి.

అతికించిన అక్షరాల్లో ఇంకా కొన్ని వెతకాలి. మీ పేరు, ఫోన్ నంబరు ఉన్నాయా? వర్డ్ ఫైలులో వాటిని హెడర్‌లో పెడితే కొన్ని పార్సర్లు హెడర్, ఫుటర్లను వదిలేస్తాయి. టెక్స్ట్ బాక్సుల్లో ఉన్నదీ అంతే. ఇంగ్లిష్‌లో ఎఫ్, ఐ పక్కపక్కన వచ్చే ‘కాన్ఫిగరేషన్’, ‘ప్రొఫైల్’, ఎఫ్, ఎల్ వచ్చే ‘వర్క్‌ఫ్లో’ లాంటి పదాలు చూడండి. ఫాంట్ ఆ రెండక్షరాలనూ ఒకే గుర్తుగా కలిపేసి, ఆ గుర్తు ఏ అక్షరాలదో చెప్పే యూనికోడ్ పటం ఫైలులో సరిగా లేకపోతే, ఆ పదం మధ్యలో ఖాళీ గానీ పిచ్చి గుర్తు గానీ వస్తుంది. అప్పుడు రిక్రూటర్ ఆ పదంతో వెతికితే మీరు దొరకరు. వర్డ్‌లో అయితే ఫాంట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో లిగేచర్లు (ఇలా కలిసిపోయే అక్షరాలు) ఆపేయాలి. రెజ్యూమేను లేటెక్ (LaTeX) అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్‌టెక్ (pdfTeX)తో తయారుచేస్తే గ్లిఫ్‌టుయూనికోడ్ (glyphtounicode) ఫైలును ఇన్‌పుట్ చేసి, పీడీఎఫ్‌జెన్‌టుయూనికోడ్ (\pdfgentounicode) విలువ 1 పెట్టాలి. ఈ మాట అడిగితే రాసేవాళ్లు తెల్లమొహం వేస్తే మీకు కావలసిన సమాచారం దొరికినట్టే.

స్కిల్స్ పక్కన చుక్కలు, నక్షత్రాలు, బార్లు ఉంటే తీయించండి. మెషీన్‌కు వాటి అర్థం తెలియదు, మనిషికి ‘జావాలో ఐదుకు నాలుగు చుక్కలు’ అంటే అర్థం లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో దాచిన కీవర్డులు. ఉద్యోగ ప్రకటన మొత్తాన్ని అతిచిన్న అక్షరాల్లో పేజీ అడుగున దాచేస్తారు. ఏటీఎస్‌లో అక్షరాలు రంగు లేకుండా బయటపడతాయి, రిక్రూటర్ తెరమీద ఆ చెత్తంతా మీ పేరు కింద కనిపిస్తుంది. మీరు రాయలేదని చెప్పుకునే అవకాశం ఎవరూ ఇవ్వరు. అతికించిన పాఠంలో మీరు చూడని వాక్యం ఒక్కటి కనపడినా ఫైలు వాపసు పంపేయండి.

ఫైలు ప్రాపర్టీస్ కూడా తెరవండి. టైటిల్, ఆథర్ గడుల్లో వేరే కస్టమర్ పేరో, టెంప్లేట్ పేరో మిగిలిపోయి ఉండవచ్చు. గిట్‌హబ్, లింక్డ్‌ఇన్ లింకులు ఒక్కొక్కటీ నొక్కి చూడండి. పైన కనిపించే అక్షరాలు మీవే అయినా కింద ఉన్న చిరునామా టెంప్లేట్ నమూనాది కావచ్చు.

ఫైలు బాగున్నా లోపలి రాత ముంచేస్తుంది. నష్టం ఎక్కువ ఇక్కడే. రాసేవాళ్లకు సాఫ్ట్‌వేర్ పని తెలియకపోతే అంకెలు కల్పిస్తారు: ‘మైక్రోసర్వీసులతో పనితీరు 40 శాతం మెరుగుపరిచాను’. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే ‘దేన్ని కొలిచారు, ఎలా కొలిచారు, అంతకుముందు ఎంత ఉండేది’. జవాబు లేకపోతే మిగతా రెజ్యూమే మీద కూడా నమ్మకం పోతుంది. అదే పని నిజంగా చేసి ఉంటే లైను ఇలా ఉండాలి: ‘ఆర్డర్ హిస్టరీ ఏపీఐలో ప్రతి ఆర్డర్‌కూ విడిగా వెళ్తున్న డేటాబేస్ క్వెరీలను ఒకే జాయిన్‌గా మార్చి, పీ95 రెస్పాన్స్ టైమ్‌ను 1.8 సెకన్ల నుంచి 400 మిల్లీసెకన్లకు తగ్గించాను’. (పీ95 అంటే వంద రిక్వెస్టుల్లో 95 ఆ సమయంలోపే పూర్తవుతాయని.) ఏ భాగం, ఏ లోపం, ఏం మార్చారు, ఎంత నుంచి ఎంతకు, నాలుగూ ఉన్నాయి. దీని మీద ఎన్ని ప్రశ్నలడిగినా చేసినవాడు చెప్పగలడు. కొలిచిన అంకె లేకపోతే కల్పించకండి, పని పరిమాణం చెప్పండి: ఎన్ని సర్వీసులు మీ చేతిలో ఉండేవి, మీ లైబ్రరీని ఎన్ని టీములు వాడాయి, రిలీజు ఎన్నాళ్లకోసారి జరిగేది.

క్రియాపదాల మీద కన్నేయండి. టీములో ఒకరిగా పనిచేసినవాళ్లను ‘లీడ్ చేశాను’, ‘ఆర్కిటెక్ట్ చేశాను’ అనిపించడం వీళ్లకు అలవాటు. స్కిల్స్ లిస్టులో నలభై టెక్నాలజీలు గుమ్మరిస్తారు, అందులో సగం మీరు ముట్టుకోనివే ఉంటాయి. లిస్టులో ఉన్న ఏ పదం గురించైనా పది నిమిషాలు మాట్లాడగలరా? లేకపోతే కొట్టేయండి.

రాసినవాళ్లకు రంగం తెలియదని పట్టిచ్చే తప్పులు కొన్ని ఉన్నాయి. జావా, జావాస్క్రిప్ట్ ఒకటే అన్నట్టు కలిపేస్తారు. యాంగ్యులర్‌జేఎస్, యాంగ్యులర్ వేర్వేరు అని తెలియక కొత్త ప్రాజెక్టు కింద యాంగ్యులర్‌జేఎస్ రాస్తారు, దానికి 2022 జనవరి నుంచి అధికారిక సపోర్టే లేదు. 2014లో బయటికొచ్చిన కుబర్నెటీస్‌లో 2012 నుంచి అనుభవం ఉందని కూడా రాసేస్తారు. ఇలాంటిది ఒక్కటి చాలు, చదివే ఇంజనీరు అక్కడే పక్కన పెట్టేస్తాడు.

తేదీలు, హోదాలు మాత్రం ఒక్క అక్షరం కూడా మారనివ్వకండి. మధ్యలో ఖాళీ ఉందని నెలలు సాగదీసి అతికిస్తారు, ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ను ‘సీనియర్’ చేస్తారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత కంపెనీని ముఖ్యంగా అడిగేది ఈ రెండే. ఆఫర్ పోయేది మీకు, రాసిచ్చినవాళ్లకు కాదు. పాత కంపెనీ లెటర్లు పక్కన పెట్టుకుని సరిచూడండి.

ఇంకా డబ్బు కట్టనివాళ్లకు: రాయబోయేది ఎవరు, వాళ్లకు కోడ్ రాసిన అనుభవం ఉందా అని ముందే అడగండి. మిమ్మల్ని పాత రెజ్యూమే ఒక్కటే అడిగి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా రేపటికల్లా ఇస్తామంటే వాళ్ల దగ్గర ముడిసరుకు లేదు, ఉన్న వాక్యాలకు రంగులద్దడం తప్ప ఏమీ చేయలేరు. మంచివాళ్లు ఒక్కో ప్రాజెక్టు మీద గుచ్చిగుచ్చి అడుగుతారు. ఎడిట్ చేసుకునే మూల ఫైలు ఇస్తారా, ఎన్నిసార్లు మారుస్తారు, వాపసు షరతులేమిటి, ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. మొత్తం ముందే కట్టకుండా కొంత భాగం ఫైలు పరీక్షించాక ఇచ్చేలా మాట్లాడుకోండి. మూల ఫైలు ఇవ్వకపోతే ఫోన్ నంబరు మారినా మళ్లీ వాళ్లకే డబ్బు కట్టాలి. ‘మీ తరఫున మేమే అప్లై చేస్తాం’ అని ఈమెయిల్ పాస్‌వర్డో, జాబ్ పోర్టల్ పాస్‌వర్డో, ఓటీపీయో అడిగితే ఇవ్వకండి. గుర్తింపు కార్డు నంబర్లు రెజ్యూమే రాయడానికి ఎందుకూ పనికిరావు.

ఇప్పటికే కట్టినవాళ్లు ‘బాగాలేదు’ అని మెసేజ్ పెడితే పని జరగదు. నోట్‌ప్యాడ్‌లో అతికించిన పాఠం, తప్పు తేదీలు, మీరు చెప్పని అంకెలు లైను లైనుగా చూపించి, ఫలానా తేదీలోగా సరిచేయండి లేదా డబ్బు వాపసు ఇవ్వండి అని ఈమెయిల్‌లో అడగండి. వాళ్ల సైటులోని హామీల పేజీ స్క్రీన్‌షాట్ ముందే తీసిపెట్టుకోండి, తర్వాత మార్చేయవచ్చు. కార్డుతో కట్టి ఉంటే చెప్పిన సేవ అందలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వేయవచ్చు, దానికి గడువు ఉంటుంది కాబట్టి వాళ్ల వాయిదాలు నమ్మి కూర్చోకండి. ఈలోగా ఆ ఫైలును ఏయే పోర్టళ్లలో పెట్టారో గుర్తు చేసుకుని, అన్నిచోట్లా తీసేసి సరిచేసింది ఎక్కించండి. ఫైలు మార్చినంత మాత్రాన, అప్‌లోడ్ అయినప్పుడు ఫారంలో దానంతటదే నిండిన ఉద్యోగాలు, తేదీలు చాలాచోట్ల మారవు, ఆ గడులు కూడా ఒక్కొక్కటీ చేత్తో సరిదిద్దాలి.