మేడమీది ఆక్వాపోనిక్స్ తొట్టికి యూవీ క్లారిఫయర్: నాచుపై ఎంతవరకు పనిచేస్తుంది?

ఆక్వాపోనిక్స్ అంటే చేపల తొట్టి నీటితోనే మొక్కలు పెంచడం. నీరు పచ్చబడిన మా తొట్టికి అమర్చిన ఈ యూవీ క్లారిఫయర్ (తనగుండా పారే నీటిపై అతినీలలోహిత కిరణాలు ప్రసరించే దీపం), నీటిలో తేలియాడే సూక్ష్మ నాచును 254 నానోమీటర్ల కిరణాలతో నిర్వీర్యం చేసి, అడుగున తిరిగే బంగారుతీగ చేపలు మళ్లీ కనిపించేంతగా నీటిని తేటపరిచింది. మొక్కలకు నైట్రేటును అందించే బ్యాక్టీరియా ప్రధానంగా మొక్కల మడిలోని గులకరాళ్లనే అంటిపెట్టుకుని ఉంటుంది కనుక దానికి హాని కలగలేదు. అయితే గోడలకూ గొట్టాలకూ పట్టిన పీచునాచు దీపం దరికే రాదు. దానిని చేత్తో తీయవలసిందే. పెట్టెపై తప్పక రాయవలసిన హెచ్చరిక ఒకటి లేదు: ఈ కిరణాలు, మొక్కలు పీల్చుకునేలా నీటిలో కరిగి ఉండే ఇనుప పోషకమైన కీలేటెడ్ ఐరన్‌ను విచ్ఛిన్నం చేస్తాయి కాబట్టి, ఐరన్ వేసిన తరువాత కొన్ని రోజులు దీపాన్ని ఆపి ఉంచకపోతే పాలకూర లేతాకులు పసుపెక్కుతాయి. ఎండ నేరుగా పడే తొట్టికి ముందుగా నల్లని మూత వేయండి. వెలుతురు ఆగితేనే గోడల నాచు కూడా తగ్గుతుంది, ఈ పరికరం ఆ తరువాతి అవసరం.