అప్పు, గ్రాంటు, పద్ధతి: కరోనా దెబ్బ తిన్న బడికి ఏ విదేశీ సాయం మేలు?

మూడో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి వాచకం ఇచ్చి చదవమంటే, మన దేశపు పల్లెల్లో 2018లో నూటికి 27.3 మంది చదివారు. బడులు మూతపడి మళ్లీ తెరుచుకున్నాక, 2022లో, అది 20.5కి జారింది. 2024లో 27.1కి వచ్చింది. ఇవి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే లెక్కలు. సర్కారు బడులను విడిగా చూస్తే 20.9 నుంచి 16.3కి పడి, 23.4కి లేచాయి. అంటే కరోనా ముందుకన్నా కాస్త మెరుగే. సంతోషించాల్సిందే గానీ, నలుగురిలో ముగ్గురు తమకన్నా కింది తరగతి పుస్తకం చదవలేని చోటికే తిరిగొచ్చామన్నది కూడా మర్చిపోకూడదు.

మిగతా ప్రపంచం పరిస్థితీ కష్టమే. పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో నూటికి 70 మంది ఒక చిన్న కథ చదివి అర్థం చేసుకోలేరని ప్రపంచ బ్యాంకు, యునెస్కో, యునిసెఫ్ తదితర సంస్థలు 2022లో అంచనా కట్టాయి. 2019లో అది 57. ఉగాండాలో 2020 మార్చిలో మూసిన బడులు పూర్తిగా తెరుచుకునేసరికి 2022 జనవరి వచ్చింది.

ఈ నష్టాన్ని పూడ్చడానికి దేశాలు ఒకదానికొకటి సాయం చేసుకుంటున్నాయని సమావేశాల్లో తరచూ వింటాం. ఆ సాయంలో అప్పు ఉంది, గ్రాంటు ఉంది, ఉచిత డిజిటల్ పాఠాలున్నాయి, ఒక దేశంలో పనిచేసిన బోధనా పద్ధతిని ఇంకో దేశం తీసుకోవడం ఉంది. వీటిలో ఏది మేలో తేల్చడానికి నేను ముఖ్యంగా ఒక్క సంగతి చూస్తాను: ఆ సాయం ఆగిపోయిన రెండేళ్లకు తరగతి గదిలో ఏం మిగులుతుంది?

అప్పు: పెద్ద మొత్తం, పెద్ద అనుమానం

మనకు దగ్గరి ఉదాహరణ సాల్ట్, సర్కారు బడుల్లో చదువును మెరుగుపరిచే ప్రాజెక్టు. 2021 మార్చిలో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. గడువు 18 ఏళ్లు, అందులో మొదటి 5 ఏళ్లు అసలు కట్టక్కర్లేదు. 45 వేలకు పైగా సర్కారు బడులు, దాదాపు 1.9 లక్షల మంది టీచర్లు, 50 వేలకు పైగా అంగన్‌వాడీ కార్యకర్తలు దీని పరిధిలోకి వస్తారు. గిరిజన మండలాల్లో 3,500 బడుల్లో ఏడాది పాటు ప్రీ-స్కూల్ తరగతి నడపడం కూడా ఇందులో భాగమే. అంతకు ముందు, 2020 జూన్‌లో, 50 కోట్ల డాలర్లతో స్టార్స్ అనే ప్రాజెక్టు మంజూరైంది. అది హిమాచల్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఒడిశా, కేరళకు. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో లేవు.

సాల్ట్ లాంటి అప్పులో నాకు నచ్చే గుణం ఒకటుంది. సిమెంటు కొన్నాం, బల్లలు కొన్నాం అని బిల్లులు చూపిస్తే సరిపోదు. ముందుగా ఒప్పుకున్న పని జరిగిందని తనిఖీలో తేలితేనే ఆ విడత డబ్బు వస్తుంది. ఏటా మార్చి నెలాఖరులో హడావిడిగా ఖర్చు రాసేసే అలవాటున్న మన ఆఫీసులకు ఇది మంచి మందే. చిక్కేమిటంటే, తనిఖీకి సులువుగా దొరికేవి కాగితం మీద కనపడే పనులు. ఎంతమంది టీచర్లు శిక్షణకు వచ్చారో హాజరు పట్టీలో ఉంటుంది. ఆ శిక్షణ తర్వాత పిల్లకు ఒత్తులు వచ్చాయో లేదో పట్టీలో ఉండదు.

ఇక రూపాయి సంగతి. విదేశీ అప్పును కేంద్రం చాలా ఏళ్లుగా మన లాంటి రాష్ట్రాలకు అవే షరతులతో యథాతథంగా బదలాయిస్తోంది. అంటే డాలరు పెరిగితే ఆ భారం రాష్ట్రానిదే. సాల్ట్ మంజూరైనప్పుడు డాలరు 73 రూపాయల దగ్గర ఉంది. 2025లో 88 దాటింది. డబ్బు విడతల వారీగా వస్తుంది కాబట్టి లెక్క ఇంత సూటిగా ఉండదు గానీ, మొత్తం 25 కోట్ల డాలర్ల మీద చూస్తే ఆ తేడా 375 కోట్ల రూపాయలు. వడ్డీ తక్కువ కదా అని చెప్పేవాళ్లు ఈ అంకెను ఎప్పుడూ పక్కన పెట్టి మాట్లాడతారు.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు నమ్మకం. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. చాలా చోట్ల 3, 4, 5 తరగతులను ఊళ్లోని ప్రాథమిక బడి నుంచి తీసి దగ్గర్లోని హైస్కూల్లో కలిపారు. చిన్న పిల్లలు అంత దూరం ఎలా నడుస్తారని తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. ఇదంతా ప్రపంచ బ్యాంకు ఒప్పందం పుణ్యమేనని ఉపాధ్యాయ సంఘాలన్నాయి. జాతీయ విద్యా విధానం ప్రకారమే చేశామని ప్రభుత్వం చెప్పింది. ప్రభుత్వం మారాక, 2025లో, ఆ జీవో పోయింది. ఎవరి మాట ఎంత నిజమో ఎలా ఉన్నా, వెనకాల అప్పు ఉందంటే చాలు, బడిలో ఏ మార్పు తెచ్చినా అది ఎవరో బయటివాళ్లు చెప్పి చేయించారన్న అనుమానం పుడుతుంది. టీచరు మనస్ఫూర్తిగా ఒప్పుకోని మార్పు తరగతిలో నిలబడదు.

గ్రాంటు: తిరిగి కట్టక్కర్లేదు, ఎప్పుడు ఆగుతుందో తెలియదు

చూడగానే గ్రాంటే మేలనిపిస్తుంది. 2020లో గ్లోబల్ పార్ట్‌నర్‌షిప్ ఫర్ ఎడ్యుకేషన్ అనే నిధి కరోనా సాయం కింద పేద దేశాలకు 50 కోట్ల డాలర్ల దాకా కేటాయించింది. మరుసటి ఏడాది జులైలో ఆ నిధి కోసమే లండన్‌లో పెద్ద సదస్సు జరిగింది. బ్రిటన్, కెన్యా కలిసి నడిపాయి. 500 కోట్ల డాలర్లు కావాలనుకుంటే 400 కోట్లకు హామీలొచ్చాయి. విడ్డూరం ఏమిటంటే, ఆతిథ్యమిచ్చిన బ్రిటన్ అదే ఏడాది తన మొత్తం విదేశీ సాయాన్ని జాతీయ ఆదాయంలో 0.7 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించుకుంది. 2025 జులై నాటికి అమెరికా విదేశీ సాయం అందించే తన యూఎస్ఎయిడ్ సంస్థనే మూసేసింది. 2026 నాటికి చదువుకు అందే విదేశీ సాయం 2023తో పోలిస్తే 320 కోట్ల డాలర్లు తగ్గుతుందని యునిసెఫ్ లెక్క వేసింది. అంటే దాదాపు నాలుగో వంతు. ఇచ్చే దేశంలో ఎన్నికల ఫలితం మారితే తీసుకునే దేశంలో రెండో తరగతి వర్క్‌బుక్కులు ఆగిపోతాయి. గ్రాంటులో ఉన్న అసలు ప్రమాదం ఇదే.

అయినా గ్రాంటును తీసిపారేయలేను. సియెరా లియోన్‌ను చూడండి. 2014లో ఎబోలా వల్ల మూసిన బడులు 2015 ఏప్రిల్‌లో తెరుచుకున్నాయి. ఆ నెలల్లో పిల్లలకు రేడియోలో పాఠాలు చెప్పారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ రేడియో పాఠాలనే మళ్లీ బయటికి తీశారు. బయటి సాయంతో నిలబెట్టుకున్న ఏర్పాటు రెండో ఆపదలో పనికొచ్చింది. (ఇంకో ముక్క. గర్భిణులైన ఆడపిల్లల్ని బడికి రానివ్వని నిషేధం ఆ దేశంలో ఉండేది. దాన్ని 2020 మార్చిలో ఎత్తేయడానికి ముందు, అది చెల్లదని పశ్చిమాఫ్రికా దేశాల ఉమ్మడి న్యాయస్థానం 2019 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. పైసా ఇవ్వకుండా పొరుగు దేశాలు చేసిన మేలు అది.)

మనకూ గ్రాంటు అనుభవం లేకపోలేదు. 1990ల్లో సర్వీసులో ఉన్న టీచర్లను అడిగితే ఏపీపెప్ పేరు చెబుతారు. బ్రిటన్ డబ్బుతో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు అది. దాని తర్వాత డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) వచ్చింది. అప్పట్లో కట్టిన గదుల్లో ఎన్ని నిలిచాయో గానీ, పిల్లల చేత కృత్యాలు చేయిస్తూ పాఠం చెప్పాలన్న ఆలోచన, టీచర్లు ఒకచోట కూడి తమ పాఠాల గురించి మాట్లాడుకునే అలవాటు మాత్రం మిగిలాయి. నేను అడిగే ప్రశ్నకు కావలసిన జవాబు సరిగ్గా ఇలాంటిదే.

అప్పుకీ గ్రాంటుకీ మధ్య ఈమధ్య ఇంకో దారి కనపడుతోంది. 2024 డిసెంబర్‌లో ఐవరీ కోస్ట్ ప్రపంచ బ్యాంకు హామీతో చౌక రుణం తెచ్చుకుని, దాదాపు 40 కోట్ల యూరోల ఖరీదైన పాత అప్పును తీర్చేసింది. అలా కలిసొచ్చిన సొమ్ములో కొంత బడులకు పెడతానంది. ఆలోచన బాగుంది. ఫలితం చెప్పడానికి ఇంకా టైమ్ ఉంది.

ఉచిత డిజిటల్ పాఠాలు

దీని గురించి ఎక్కువ చెప్పను. 2020 మార్చిలో, బడికి వెళ్లలేని పిల్లలకు పాఠాలు అందించేందుకు యునెస్కో ఒక కూటమి పెట్టింది, పెద్ద పెద్ద టెక్ కంపెనీలు అందులో చేరాయి. కానీ ప్రపంచంలో 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి ఇంట్లో ఇంటర్నెట్టే లేదని అదే ఏడాది డిసెంబర్‌లో యునిసెఫ్, ఐటీయూ (ఐక్యరాజ్య సమితి టెలికాం సంస్థ) చెప్పాయి. మన దగ్గర టీశాట్, యాదగిరి, సప్తగిరి ఛానెళ్లలో పాఠాలు వేయాల్సి వచ్చింది అందుకే. 2023లో యునెస్కో ఆ కాలపు ఆన్‌లైన్ చదువుల మీద వేసిన నివేదికలో విషాదం అన్న మాట వాడింది. పెద్ద తరగతుల వాళ్లకు ఇవి ఎంతో కొంత అక్కరకొస్తాయి. గుణింతాలు రాని పిల్లకు రావు.

పద్ధతి: ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి

నా ఓటు దీనికి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మన దేశంలో ఏళ్ల తరబడి చేసిన పని ఒకటుంది. 3 నుంచి 5 తరగతుల పిల్లల్ని రోజులో కొంతసేపు తరగతి పక్కన పెట్టి, వాళ్లకు వచ్చినదాన్ని బట్టి గుంపులు చేస్తారు. అక్షరాలు వచ్చినవాళ్లు ఒకచోట, పదాలు చదివేవాళ్లు ఒకచోట, పేరా చదివేవాళ్లు ఇంకోచోట. ఎవరి స్థాయి నుంచి వాళ్లకు చెబుతారు. ఈ పద్ధతిని జాంబియా 2016లో క్యాచ్ అప్ పేరుతో మొదలుపెట్టింది. బోట్స్వానాలో కూడా యువకులు నడిపే ఒక సంస్థ అందుకుంది.

కరోనాలో బడులు మూతపడగానే ఆ బోట్స్వానా వాళ్లు ఒక చిన్న ప్రయోగం చేశారు. మామూలు ఫోన్లో వారానికోసారి 20 నిమిషాల పాటు పిల్లతో మాట్లాడి, ఆ పిల్లకు ఎక్కడి దాకా వచ్చో చూసి, అక్కడి నుంచి లెక్కలు చెప్పడం. కొందరికి ఎస్ఎంఎస్‌లు మాత్రమే పంపారు, వాటి వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఫోన్ కూడా చేసిన చోట పిల్లలు స్పష్టంగా ముందుకెళ్లారు. అదే ప్రయోగాన్ని తర్వాత భారత్, కెన్యా, నేపాల్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లో 16 వేలకు పైగా కుటుంబాలతో చేసి చూస్తే అన్ని చోట్లా పనిచేసింది. నేపాల్, ఫిలిప్పీన్స్‌లలో ప్రభుత్వ టీచర్లు కూడా ఫోన్ చేశారు, వాళ్లకూ ఫలితం వచ్చింది. ఇక్కడి నుంచి వెళ్లిన ఆలోచన ఆఫ్రికాలో కొత్త రూపు దిద్దుకుని మళ్లీ మన దాకా వచ్చింది. ఇందులో ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద అన్న లెక్క లేదు.

అలాగని పద్ధతిని కాపీ కొడితే చాలదు. ఇదే పద్ధతితో బిహార్, ఉత్తరాఖండ్‌లలో టీచర్లకు సామగ్రి ఇచ్చి వదిలేస్తే ఏమీ జరగలేదు. హరియాణాలో రోజుకో గంట దీనికే కేటాయించి, బడులకు వెళ్లి చూసే సిబ్బందిని పెడితే పిల్లల చదువు మెరుగైంది. మన తెలంగాణలో 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పేందుకు తొలిమెట్టు మొదలుపెట్టినప్పుడు కూడా ఆలోచనలో లోపం లేదు. ఒకే టీచరు ఐదు తరగతులు చూసే బడిలో ఆ గంట ఎక్కడ దొరుకుతుంది, ఎవరొచ్చి చూస్తారు అన్నదే ప్రశ్న. పోనీ డబ్బయినా అక్కర్లేదా అంటే, అదీ కావాలి. ఆఫ్రికాలో ఈ పని చాలావరకు గ్రాంట్ల మీదే నడిచింది.

పద్ధతికి సొంత డబ్బు తోడైతే ఎలా ఉంటుందో తమిళనాడు చూపించింది. 2021 చివర్లో మొదలైన ఇల్లం తేడి కల్వి (ఇంటి ముంగిటికే చదువు) కార్యక్రమంలో దాదాపు 2 లక్షల మంది వాలంటీర్లు, ఎక్కువగా ఆ ఊళ్ల ఆడవాళ్లే, నెలకు వెయ్యి రూపాయల భృతితో సాయంత్రాలు పిల్లలకు చెప్పారు. బడులు తెరిచిన ఆరు నెలల్లో పోయిన చదువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని, అందులో దాదాపు నాలుగో వంతు ఈ కార్యక్రమం వల్లనేనని ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ తదితరులు లెక్కగట్టారు. ఏడాదికి సుమారు 200 కోట్ల రూపాయల రాష్ట్ర బడ్జెట్‌తో అయిన పని ఇది. డాలరు పెరిగినా వాళ్లకు టెన్షన్ లేదు.

మరి ఎవరికి ఏది?

సియెరా లియోన్, మలావీ లాంటి దేశాలకు అప్పు తీసుకోమని సలహా ఇవ్వడం అన్యాయం. వాళ్లకు గ్రాంటే కావాలి, అది కూడా ఏడాదికోసారి దయతలచి ఇచ్చేది కాకుండా, కనీసం ఒక బ్యాచ్ పిల్లలు ఒకటి నుంచి ఐదు దాకా చదివేంత కాలం హామీతో. వాళ్లకు మనలాంటి దేశాలు డబ్బు ఇవ్వలేకపోయినా మనుషుల్ని పంపొచ్చు, వాళ్ల టీచర్లను పిలిచి మన బడులు చూపించొచ్చు.

తెలుగు రాష్ట్రాలకు మాత్రం పద్ధతి, దానికి సొంత బడ్జెట్. ఇదే నా వరస. అప్పు తెస్తే అది రోజువారీ బోధన మీద కాక, ఒక్కసారే పడే ఖర్చుల మీద పెట్టాలి: పిల్లల పరీక్షా విధానం కట్టుకోవడం, గిరిజన భాషల్లో మొదటి వాచకాలు తయారు చేయించడం లాంటివి. జీతం, భృతి, శిక్షణ అప్పు మీద నడిపితే అప్పు అయిపోయిన రోజు అవీ అయిపోతాయి.

సాల్ట్‌లో ఐదేళ్ల వెసులుబాటు ముగిశాక అసలు వాయిదాలు మొదలవుతాయి. మొదటి వాయిదా కట్టే ముందు, ప్రతి జిల్లాలోనూ ఎంపిక చేసిన బడుల్లో మూడో తరగతి పిల్లల చేత, విద్యాశాఖతో సంబంధం లేనివాళ్లు రెండో తరగతి వాచకం చదివించి, ఆ లెక్కను అసెంబ్లీలో పెడితే బాగుంటుంది. ఎంతమంది శిక్షణకు హాజరయ్యారన్న పట్టిక దానికి అనుబంధంగా ఇచ్చినా ఇవ్వకపోయినా ఫర్వాలేదు.