గ్యోంగ్‌బొక్‌గుంగ్ పక్కన అద్దె హన్‌బొక్: దుకాణం ఇచ్చిందేమిటి, ఇవ్వనిదేమిటి

సియోల్‌లోని గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజప్రాసాదం చుట్టూ ఉన్న వీధుల్లో కొరియా సంప్రదాయ దుస్తులైన హన్‌బొక్‌ను అద్దెకిచ్చే దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. హైదరాబాదు నుంచి వెళ్లిన మేము, పదహారేళ్ల మా అమ్మాయి పట్టుదల కొద్దీ వాటిలో ఒకదానిలో అడుగుపెట్టాము. ఆమె కొరియా పాప్ సంగీత బృందం బీటీఎస్‌కు అభిమాని. 2020 సెప్టెంబరులో ఒక అమెరికా టెలివిజన్ కార్యక్రమం కోసం ఆ బృందం ఈ ప్రాసాదంలోని సింహాసన మందిరమైన గున్‌జోంగ్‌జోన్ ముందు పాడింది. ఆ రాతి ప్రాంగణంలో హన్‌బొక్ ధరించి నిలబడాలని అప్పటి నుంచి మా అమ్మాయి కోరిక.

పాట నచ్చినంత మాత్రాన ఆ దేశపు సంస్కృతిని కూడా నేర్చుకోవాలా అని బయలుదేరే ముందు మా బంధువులు అడిగారు. పాట విని ఆనందించడానికి అక్కర్లేదు. అయితే తెలుసుకుంటే ఆ పాటే మరింత దగ్గరవుతుందని మా ఇంట్లోనే చూశాను. బీటీఎస్ 2018లో పాడిన ‘ఐడల్’లో వచ్చే ‘ఒల్సు’ అనే కేకను మా అమ్మాయి అర్థం తెలియకుండానే చాలాకాలం పాడుకుంది. ఒక్క గాయకుడు గంటల తరబడి కథ పాడే పన్సోరి అనే కళలో డోలు వాయించేవాడూ శ్రోతలూ మధ్యమధ్య గాయకుణ్ణి ఉత్సాహపరుస్తూ అనే మాట అది అని తెలిసిన రోజున, బుర్రకథలో వంతలు పాడే ‘తందాన తాన’ ఎరిగిన మా అమ్మ కూడా ఆసక్తిగా వచ్చి ఆ పాట విన్నది. ఇక ఒక జాతి తన పండుగలకూ పెళ్లిళ్లకూ కట్టుకునే బట్టను మనం ఒంటి మీద వేసుకుంటున్నప్పుడు దాని పేరు, కట్టే తీరు తెలుసుకోవడం కనీస మర్యాద. దుకాణాన్ని నేను ఆ దృష్టితోనే చూశాను.

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను. బట్టలు శుభ్రంగా ఉతికి ఉన్నాయి, అన్ని కొలతల్లోనూ దొరికాయి, మా సామాను దాచుకోవడానికి తాళాల అరలు ఇచ్చారు, అమ్మాయికి జడ కూడా అల్లారు. రెండున్నర గంటలకు మనిషికి 20,000 వాన్ (కొరియా డబ్బు) తీసుకున్నారు. హన్‌బొక్ ధరించినవారికి ప్రాసాదంలో ప్రవేశం ఉచితం కనుక, పెద్దలకు ఉండే 3,000 వాన్ టికెట్టు ఖర్చు తప్పింది. పరదేశులకూ వర్తించే ఈ వెసులుబాటును చూస్తే, మేము వేసుకోవచ్చా అని సంకోచించే అభిమానులకు కొరియా వారే జవాబు చెప్పినట్టు నాకు అనిపించింది.

లోపం బట్టను పరిచయం చేయడంలో ఉంది. పైన తొడుక్కునే పొట్టి చొక్కాను జొగొరి అంటారని, రొమ్ము దగ్గర బిగించి కట్టే పొడవాటి పావడాను చిమా అంటారని, జొగొరి ముందు వేలాడే పట్టీల పేరు గొరుమ్ అని దుకాణంలో ఎవరూ చెప్పలేదు. చిమా లోపల గట్టి వలయాల పావడా తొడిగి గొడుగులా ఉబ్బించారు. వెనుక పెద్ద రిబ్బన్ ముడి వేశారు. ఇవేవీ సంప్రదాయ హన్‌బొక్ లక్షణాలు కావు. అంతకంటే బాధ కలిగించినది మా మేనల్లుడి వేషం. రాజు ధరించే, డ్రాగన్ బొమ్మ కుట్టిన గొన్‌ర్యొంగ్‌పో అతనికి తొడిగి, నెత్తిన గుర్రపు వెంట్రుకలతో అల్లే వెడల్పాటి గత్ టోపీ పెట్టారు. గత్ పండితులూ గృహస్థులూ పెట్టుకునేది. రాజవస్త్రం మీదికి వచ్చేది వెనుక రెక్కలు పైకి నిలిచిన ఇక్సొన్‌గ్వాన్. మన దగ్గర ఎవరైనా ఇలా జత కలిపితే మనం ఊరుకోము. అద్దె హన్‌బొక్‌లు సంప్రదాయానికి దూరమవుతున్నాయని 2024లో కొరియా వారసత్వ శాఖ అధిపతి సైతం బహిరంగంగా ఆక్షేపించారు. కొత్త నమూనాలు రాకూడదని నా ఉద్దేశం కాదు; ఏది పాతదో ఏది కొత్తదో చెప్పి ఇవ్వాలని మాత్రమే అంటున్నాను.

దుకాణంలో జరగవలసిన పాఠం ప్రాసాదంలో జరిగింది. 1395లో కట్టి, 1592 నాటి జపాను దండయాత్ర కాలంలో కాలిపోయి, 1867లో మళ్లీ లేచి, జపాను పాలనలో చాలా భాగం కూల్చివేతకు గురైన ఆ ప్రాంగణంలో మేము నడుస్తుండగా మా అమ్మాయి గొరుమ్ ఊడిపోయింది. అక్కడే కూర్చున్న ఒక పెద్దావిడ దగ్గరకు పిలిచి, ఎడమ చెంగు కుడి చెంగు మీదికి వచ్చేలా జొగొరి సర్ది, ఒకవైపే మడత నిలిచే ముడిని మెల్లగా వేసి చూపించి, విప్పేసి అమ్మాయి చేత మళ్లీ వేయించింది. మూడోసారికి ముడి కుదిరింది. అమ్మాయి నేర్చుకున్న కొద్దిపాటి కొరియనులో ‘హల్మొనీ, కంసాహమ్నిదా’ అని వంగి నమస్కరించింది. అమ్మమ్మగారూ, కృతజ్ఞతలు అని దాని అర్థం. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఈ మొత్తానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ అయిదు నిమిషాలు దుకాణం వారు ఎందుకు ఇవ్వలేకపోయారన్నదే నా ఫిర్యాదు.

వెళ్లదలచినవారు ‘జొంతోంగ్ హన్‌బొక్’, అంటే సంప్రదాయ రకం, కావాలని అడగండి. వలయాల పావడా వద్దని చెప్పండి, గొరుమ్ ముడిని మీకే నేర్పమనండి. మంగళవారం ప్రాసాదానికి సెలవు.