వేళకు గట్క, వేళకు రొట్టె వడ్డించే భోజనశాల

నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, రైస్ మిల్లుల నడుమ, జొన్నలు, సజ్జలు, తైదల (రాగుల)తోనే వంట చేసే చిన్న భోజనశాల ఒకటి ఉన్నది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన తరువాత ఈ ప్రాంతం వరి మాగాణిగా మారింది గాని, అంతకు ముందు పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో తప్ప వరి బువ్వ వండని ఇండ్లు ఇక్కడ ఎన్నో ఉండేవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట ఊళ్లలోనూ గట్క (జొన్నరవ్వ సంకటి) కుండ పొయ్యి దిగింది. అటువంటి చోట మళ్లీ గట్క వండి అమ్మడానికి పూనుకున్నందుకే నాకు వీరి మీద గౌరవం కలిగింది.

అన్నిటికన్నా నచ్చినది వీరు వేళ పాటించడం. రాత్రి పూట జొన్నరవ్వతో వేడిగా గట్క వండి పచ్చిపులుసుతో పెడతారు. మిగిలిన దానిలో మజ్జిగ పోసి, తెల్లవారి ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కుతో సద్దిగా ఇస్తారు. పూర్వం పొలం పనికి పోయే ఇండ్లలో జరిగింది ఇదే. రాత్రంతా నానిన గట్కకు వచ్చే ఆ సన్నని పులుపు అప్పటికప్పుడు పెరుగు కలిపితే రాదు. పొద్దెక్కిన తరువాత ఎంత అడిగినా సద్ది ఉండదు, ఉండకూడదు కూడా.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) పప్పు, ఎల్లిపాయ కారం. జొన్నపిండికి గోధుమపిండి జిగట లేదు గనుక మరిగే నీళ్లు పోసి కలిపి, చేయి తాళగలిగినంత వేడి ఉండగానే పిసికి, అరచేతితో తట్టాలి. పెనం మీద వేసి పైన తడి చేయి రాసి, తిప్పి, చివరకు నిప్పుల మీద పొంగించాలి. పిండి పాతదైతే అంచులు పగులుతాయి. ఇక్కడ ఏ పూటకు ఆ పూట కొద్దికొద్దిగా పట్టిస్తున్నారు కాబట్టి రొట్టె పలుచగా, చుట్టూ చీలిక లేకుండా వస్తున్నది. ముసలివారు కూడా సులువుగా తినగలిగినంత మెత్తగా ఉంటుంది.

ఉలవచారులో మీగడ కలపడం మాత్రం నాకు మింగుడుపడలేదు. పెండ్లి విందుల నుంచి వచ్చిన ఆ అలవాటు ఉలవల కమ్మదనాన్ని కప్పేస్తుంది. మీగడ లేకుండా ఇమ్మని ముందే చెబితే మాత్రం ఇస్తారు. రొట్టెలు ఒక్క పొయ్యి మీదే కాలుస్తారు గనుక ఆదివారం పగటిపూట చాలాసేపు ఆగవలసి వస్తుంది. పెద్దవారిని తీసుకొని పోయేవారు వారం నడుమ, పొద్దున సద్ది వేళకే పోవడం మంచిది.