ఎనిమిది గొంతులు, మూడు డిస్కులు: క్రోనో ట్రిగర్ సంగీతం

2010 వేసవిలో మా అమ్మకు మోకాలి ఆపరేషన్ జరిగింది. అప్పుడే అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు తిరిగి వెళ్తూ తన నింటెండో డీఎస్ గేము యంత్రాన్ని నా చేతిలో పెట్టాడు. "అక్కా, ఆసుపత్రిలో రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ఇది ఆడు. ఇయర్‌ఫోన్లు మాత్రం పెట్టుకో" అన్నాడు. అంతవరకు నేను ఏ వీడియో గేమూ ఆడలేదు. రాజమహేంద్రవరంలో పిల్లలకు వీణ నేర్పుతాను. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా మా వసారాలో పాఠాలు జరుగుతాయి. మిగిలిన రోజంతా ఇంటిపని.

ఆ గేము పేరు క్రోనో ట్రిగర్. అమ్మ నిద్రపోయాక, గది మూలన చిన్న దీపం వెలుగులో ఆడేదాన్ని. కథలో క్రోనో అనే అబ్బాయి తిరునాళ్లలో కలిసిన అమ్మాయి కోసం కాలంలో నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళ్తాడు. అక్కడ కొండదారి దిగి బయటికి వచ్చేసరికి ఒక బాణీ మొదలైంది. మీటినట్టు వినిపించే చిన్న చిన్న స్వరాలు ముందు పరుచుకున్నాయి, తరువాత వాటి మీద ఒక పొడుగాటి రాగం లేచింది. నేను ఆ అబ్బాయిని ముందుకు కదల్చలేదు. బొమ్మ నిలబడి ఉంది, నేను వింటున్నాను. నర్సమ్మ వచ్చి అమ్మ బీపీ చూసి వెళ్లింది. అప్పటికీ ఆ అబ్బాయి అక్కడే ఉన్నాడు.

ఆ బాణీకి జపనీస్‌లో 'కజె నో దోకే' అని పేరు. గాలి పడే తపన అని చెప్పుకోవచ్చు. నా చెవికి అందులో నఠభైరవి ఛాయ ఉంది. రాగమని అనను. కింద ఆధార స్వరం మారుతూ పోతుంటే రాగం నిలవదు, అది వాళ్ల పద్ధతి. కాని ఆ దిగులు మనకు తెలిసిన దిగులే.

ఆ గేములోని సంగీతం మొత్తం 'క్రోనో ట్రిగర్ ఒరిజినల్ సౌండ్ వెర్షన్' పేరుతో 1995 మార్చి 25న జపాన్‌లో విడుదలైంది. గేము వచ్చిన రెండు వారాలకే ఆల్బమ్ కూడా వచ్చిందన్నమాట. మూడు సీడీలు, 64 బాణీలు. మొదటి డిస్కులో 23, రెండోదానిలో 21, మూడోదానిలో 20. ఎక్కువ భాగం స్వరకర్త యసునోరి మిత్సుదా కట్టినది. కొంత భాగం నొబువో యెమాత్సుది. 'బాస్ బాటిల్ 1' అనే ఒక్క బాణీ నోరికో మత్సుయెదాది. పాత డిస్కులు తెప్పించుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఒక ఆన్‌లైన్ దుకాణం అయిదు వారాలు తిప్పి, పెట్టె మూత పగిలిపోయిన స్థితిలో పంపింది. డిస్కుల మీద గీతలు లేవు కాబట్టి తిప్పి పంపలేదు. ఆ పగిలిన మూతకు సెల్లో టేపు వేసి, వీణ పక్కన బల్ల మీద పెట్టుకున్నాను.

గేము ఆడినవాళ్లు మళ్లీ ఆల్బమ్ ఎందుకు కొనాలి? దీనికి సమాధానం నాకు 2017లో దొరికింది. న్యూజెర్సీలో తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు వాడు అటక మీది పాత సూపర్ నింటెండో తీసి టీవీకి తగిలించాడు. ఈ గేము మొదట వచ్చింది ఆ యంత్రం మీదే. పోరాటం మొదలైంది. క్రోనో కత్తి విసిరిన ప్రతిసారీ, వెనక వాయిస్తున్నవారిలో ఒకరు చటుక్కున నోరు మూసుకున్నట్టు అనిపించింది. కత్తి చప్పుడు అయిపోగానే ఆ గొంతు తిరిగి వచ్చింది. ఏమిటిది అని అడిగితే తమ్ముడు చెప్పాడు. ఆ యంత్రంలో శబ్దానికి ఉన్నవి ఎనిమిదే చానళ్లు. అంటే ఒకేసారి ఎనిమిది గొంతులకు మించి పలకవు. కత్తి చప్పుడూ, తలుపు చప్పుడూ కూడా ఆ ఎనిమిదింటిలోనే చోటు తీసుకోవాలి. అందుకని సంగీతంలోని ఒక గొంతు కాసేపు పక్కకు తప్పుకుంటుంది. ఆల్బమ్‌లో కత్తులు లేవు. ఎనిమిది గొంతులూ మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా వినిపిస్తాయి. ఆ పాత యంత్రంలో తెగుతూ వినిపించిన పోరాటపు బాణీలు ఇక్కడ పూర్తిగా ఉన్నాయి.

ఆ ఎనిమిది గొంతులకూ కలిపి ఉన్న జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. ఈరోజు మనం ఫోనులో పంపుకునే ఒక చిన్న ఫొటోకు కూడా అది చాలదు. వాయిద్యాల ధ్వని నమూనాలన్నీ అందులోనే ఇమడాలి. ప్రతిధ్వని కావాలంటే దానికి కూడా అందులోనే స్థలం ఇవ్వాలి. ప్రతిధ్వని ఆలస్యం సెకనులో వెయ్యోవంతులు పదహారు పెరిగిన ప్రతిసారీ 2 కిలోబైట్లు వదులుకోవాలి. గుహలో పాడినట్టు వినిపించాలని ప్రతిధ్వని పెంచితే, వాయిద్యం పొట్టిగా, గరుకుగా అవుతుంది. వాయిద్యం నిండుగా ఉండాలంటే ప్రతిధ్వని తగ్గించుకోవాలి. ఈ లెక్క తెలిశాక నేను ఈ బాణీలు వినే తీరే మారిపోయింది.

వీణకు ఏడు తంత్రులు. వాయించేవి నాలుగు, తాళానికి మూడు. మా గురువుగారు మొదటి ఏడాదంతా ఒకే మాట చెప్పేవారు: "రెండు మీట్ల మధ్య ఖాళీని కూడా నువ్వే వాయించాలి." మిత్సుదా బాణీల్లో ఆ ఖాళీ ఉంది. అడవిలో నడిచేటప్పుడు వచ్చే 'సీక్రెట్ ఆఫ్ ది ఫారెస్ట్' వినండి. ఒక్కో స్వరం పలికి, దాని నీడ పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, ఆ తరువాతే ఇంకొకటి పలుకుతుంది. ఎనిమిది గొంతులు చేతిలో ఉన్నా అన్నిటినీ ఒకేసారి మాట్లాడించడు. నిండు వాద్యబృందంతో ఇదే బాణీ వాయించినవి కూడా విన్నాను. అందంగానే ఉన్నాయి. కాని స్వరాల మధ్య చోటంతా వయొలిన్లతో నింపేశారు. అడవి పోయి తోట వచ్చింది. నాకు అడవే ఇష్టం.

ఇక మూడో డిస్కులో ఏడో బాణీ. జపనీస్‌లో 'తోకి నో కైరో', ఇంగ్లీషులో 'కారిడార్స్ ఆఫ్ టైమ్'. నేను ఈ ఆల్బమ్ కొన్నది ముఖ్యంగా దీని కోసమే. కథలో క్రీస్తుపూర్వం 12,000లోకి వెళ్తారు. నేలంతా మంచు, చెట్టూ చేమా లేదు. సంగీతం కూడా ఉండదు, ఈదురు గాలి హోరు మాత్రమే. ఆ మంచులో నడిచి నడిచి, ఒక చిన్న మందిరంలాంటి చోట అడుగు పెడితే అది పైకి తీసుకుపోతుంది. కళ్లు తెరిస్తే మబ్బుల మీద తేలే పచ్చని దీవులు, ఎండ. మాంత్రికుల జీల్ రాజ్యం. అప్పుడు ఈ బాణీ మొదలవుతుంది. ముందు గుండ్రంగా తిరిగే స్వరాల వరస, కింద తబలాను తలపించే దెబ్బలు, వాటి మీద సితార్‌ను పోలిన గొంతు. ఆ సితార్ కొద్ది బైట్లలోకి కుదించిన ఒక నమూనా మాత్రమే. అయినా మీటగానే వచ్చే ఆ సన్నని జుమ్మనే ధ్వని చెవిని పట్టేసింది. మన వాద్యాన్ని వాళ్లు అలంకారంగా వాడుకున్నారా అని మొదట అనుమానించాను. రెండోసారి విన్నాక అది పోయింది. ఆ రాజ్యం కథలో అందరికంటే పైన ఉన్నది, అందరికంటే ముందు కూలిపోయేది. మంచు కింద గుహల్లో బతికే జనం తలపైనే ఈ వైభవమంతా తేలుతూ ఉంటుంది. దానికి ఆర్భాటపు బాకాలు పెట్టలేదు. తీగ మీద నిలవలేక జారిపోయే స్వరాన్ని పెట్టాడు. మీటిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలుపెడుతుంది తీగ వాద్యంలోని స్వరం. ఆ సంగతి వీణ పట్టుకున్న ప్రతివారికీ వేళ్లకు తెలుసు. మిత్సుదాకు కూడా తెలుసునని ఈ బాణీ వింటే అనిపిస్తుంది.

గేము వచ్చేనాటికి అతనికి 23 ఏళ్లు. 1992లో, ఈ గేమును తయారుచేసిన స్క్వేర్ కంపెనీలో చేరినప్పుడు ఇచ్చిన పని బాణీలు కట్టడం కాదు, చప్పుళ్లు తయారు చేయడం. రెండేళ్లు ఆ పని చేశాక కంపెనీ ఉపాధ్యక్షుడు హిరొనోబు సకాగుచి దగ్గరికి వెళ్లి, సంగీతం ఇవ్వకపోతే ఉద్యోగం మానేస్తానన్నాడు. సకాగుచి ఈ గేమును చేతికిచ్చాడు. మిత్సుదా రాత్రీ పగలూ పనిచేశాడు. మధ్యలో హార్డ్ డిస్కు పాడై, నలభై దాకా బాణీల ముసాయిదాలు పోయాయి. కడుపులో పుండు పడి ఆసుపత్రి పాలయ్యాడు. మిగిలిపోయిన బాణీలను యెమాత్సు పూర్తి చేశాడు. ఇదంతా చదివింది చాలా తరువాత. కాని నేను ఆ సంగీతాన్ని మొదట విన్నది ఆసుపత్రి గదిలోనే కాబట్టి ఈ కథ నా మనసులో అలాగే ఉండిపోయింది. గేము చివర వచ్చే 'టు ఫార్ అవే టైమ్స్' తనకు కలలో వినిపించిందని అతను చెప్పుకున్నాడు. ఆల్బమ్‌లో కూడా అదే ఆఖరి బాణీ.

కప్ప వీరుడి బాణీ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. గ్లెన్ అనే యోధుణ్ని మాంత్రికుడు కప్పగా మార్చేస్తాడు. కళ్ల ముందే స్నేహితుణ్ని పోగొట్టుకుని, తనవల్లే అని కుమిలిపోతూ అడవిలో పొదకింద ఇంట్లో బతుకుతుంటాడు. చివరికి అతను కత్తి ఎత్తి కొండను రెండుగా చీలుస్తాడు. అప్పుడు వచ్చే బాణీ చాలా చిన్నది. సన్నని డోలు దెబ్బ, ఈలలాంటి స్వరం, అంతే. కవాతు బాణీయే కాని బరువు లేదు. పొట్టి కాళ్లతో నడిచేవాడి కవాతు. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు ఇది పెడితే వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు.

లోపాలు లేవా? ఉన్నాయి. సత్రంలో పడుకుంటే వినిపించే కొన్ని సెకన్ల ముక్క, గెలిచినప్పుడు వచ్చే చిన్న బాకాలు, అన్నీ కథలో వచ్చిన వరసలోనే ఆల్బమ్‌లో పెట్టారు. ఒక బాణీలో మునిగి ఉండగా ఆ ముక్కలు వచ్చి లేపేస్తాయి. అవన్నీ చివర ఒకచోట పెట్టి ఉంటే బాగుండేది. రెండో డిస్కులో శిథిలమైన భవిష్యత్తు తాలూకు బాణీలు వరసగా వస్తాయి. గేములో వాటి బరువు సరిపోయింది. ఇంట్లో కూర్చుని వింటే ఊపిరాడనట్టు ఉంటుంది. నేను ఆ భాగాన్ని మధ్యాహ్నం పూట మాత్రమే వింటాను. మేలైన సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1995 నాటి గేములో ఎక్కడా వాడకుండా వదిలేసిన 'సింగింగ్ మౌంటెన్' అనే బాణీ మూడో డిస్కులో ఉంది. అది వినడానికి అప్పట్లో ఈ ఆల్బమ్ ఒక్కటే దారి.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. గేము బాణీలకు ముగింపు ఉండదు. ఆడేవాడు ఎంతసేపు అక్కడ ఉంటే అంతసేపు తిరుగుతూ ఉండాలి కాబట్టి చివరను మొదటికి కలిపేస్తారు. ఆల్బమ్‌లో చాలావాటిని రెండుసార్లు తిప్పి, మూడోసారి మొదలవుతుండగా శబ్దం తగ్గించేశారు. గాలి బాణీ కూడా అలాగే ఆరిపోతుంది. ఇంత శ్రద్ధగా కట్టిన బాణీని ఎవరో గది తలుపు మెల్లగా వేసినట్టు ఆపడం నాకు ఇప్పటికీ ఒప్పుకోవాలనిపించదు.

కొనదలచుకున్నవారికి ఒక సూచన. మొదటిసారి మంచి ఇయర్‌ఫోన్లతో, తక్కువ శబ్దంలో వినండి. ఇది ధ్వనిని సెకనుకు 32 వేల ముక్కలుగా పలికించే 32 కిలోహెర్ట్జ్ యంత్రం నుంచి తీసిన సంగీతం. పెద్ద స్పీకర్లలో శబ్దం పెంచితే పై స్వరాల గరుకుదనం ముందుకు వస్తుంది, లోపలి గొంతులు వెనక్కి పోతాయి. గేము ఆడనివారు మూడో డిస్కుతో మొదలుపెట్టవచ్చు. ఆడినవారు మాత్రం మొదటి డిస్కులో గడియారం టిక్కుటిక్కుమనే చోటి నుంచే రండి.

నా దగ్గర నాలుగేళ్లుగా నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిలకు పోయిన దసరా సెలవుల్లో గాలి బాణీ నేర్పాను. మీటిన స్వరాల వరసను ఒకరు మంద్రంలో పట్టుకుంటే, పైరాగాన్ని ఇంకొకరు సారణి మీద వాయిస్తారు. ఆ పొడుగు స్వరాలు వీణ మీద అంతసేపు నిలవవు, అందుకని చిన్న గమకంతో వాటిని మోయాల్సి వచ్చింది. వాయించడం వచ్చింది. ఆపడం మాత్రం రాలేదు. ఆల్బమ్‌లోలాగా శబ్దం తగ్గిస్తూ పోవడం వీణ మీద కుదరదు. పెద్దమ్మాయి షడ్జమం దగ్గర ఆగుదామంటుంది. చిన్నది పంచమం దగ్గర చేయి ఎత్తేస్తుంది. ఇంకోసారి మొదటి నుంచి వాయిస్తూ చూడమన్నాను. ఇద్దరూ ఆగకుండా నాలుగుసార్లు తిప్పారు. వాళ్ల నాన్నగారు తీసుకువెళ్లడానికి వచ్చి గేటు దగ్గర స్కూటర్ ఆపి, హారన్ కొట్టకుండా నిలబడ్డారు.