శుక్రుడి కోసం పెట్టుకున్న ఓపల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

శుక్రుడికి వజ్రం కొనలేనివాళ్లకు ఓపల్ అనే రంగుల మెరుపు రాయి పెట్టుకోమంటారు. నాకూ అలాగే చెప్పారు. నాది తులా లగ్నం, అధిపతి శుక్రుడే. అయితే నవరత్నాల్లో ఓపల్ లేదు, ఉపరత్నాల కిందే లెక్క. అందులో చిన్నతనమేమీ లేదు గానీ, అమ్మేవాళ్లు దీన్నే వజ్రమంత చేసి చెప్పి ధర పెంచుతుంటే మాత్రం ఈ సంగతి గుర్తు చేసుకోండి.

నాది జైపూర్‌లో సాన పట్టిన ఇథియోపియా రాయి. ఐదు క్యారెట్ల పైచిలుకు, వెండి ఉంగరం. 2008లో ఆ దేశంలోని వొల్లో ప్రాంతంలో, వెగెల్ తెనా దగ్గర పెద్ద నిక్షేపం బయటపడ్డాకే ఇవి మన బజారుకు వచ్చాయి. అంతకుముందు ఓపల్ అంటే ముఖ్యంగా ఆస్ట్రేలియాదే. తెల్లవైతే అక్కడి కూబర్ పీడీ, నల్లవైతే లైట్నింగ్ రిడ్జ్ గనులవి. ఒకే సైజులో, ఒకే మెరుపుతో రెండూ చూపిస్తే ఇథియోపియాది చవగ్గా వస్తుంది. ఆ చవకకు కారణాల్లో ఒకటి వాడితే గానీ తెలియదు: ఇది నీళ్లు తాగుతుంది.

తాగడమంటే నిజంగా తాగడమే. ఒకసారి అంట్లు తోముతూ ఉంగరం తీయలేదు. పని అయ్యాక చూస్తే పాలరంగు రాయి గాజుముక్కలా ఉంది, లోపలి ఆకుపచ్చ, నారింజ మెరుపులు దాదాపు పోయాయి. రాయి మారిపోయిందేమో అన్నంత టెన్షన్. నీడలో గుడ్డ మీద పెట్టి వదిలేస్తే మర్నాటికి మసకబారి, కొత్తగా వేసిన సున్నం ఆరుతున్నట్టు అంచుల నుంచి తెల్లబడింది. తర్వాత నెమ్మదిగా రంగులు తిరిగి వచ్చాయి. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ పెట్టినా, ఎండలో ఉంచినా పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది.

మామూలు నీళ్లయితే ఆరిపోతాయి. పసుపు, నూనె, సెంటు, అంట్ల సబ్బు అలా కాదు, లోపలికి వెళ్తే రంగు పట్టేస్తాయి. అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఉంగరం పెట్టుకునే ముందు పచ్చిపాలు, తేనె, గంగాజలంలో ఉంచి శుద్ధి చేయాలంటారు. వజ్రానికీ నీలానికీ దానివల్ల ఏమీ కాదు. ఈ రాయికి మాత్రం ఆ పాలే చేటు. మా అత్తయ్య ఒప్పుకోలేదు. "పాలల్లో వెయ్యకుండా శుద్ధి ఏమిటే?" అన్నారు. చివరికి పంతులుగారే తేల్చారు: "పాలు పక్కన పెట్టి నైవేద్యం చూపండమ్మా. ఉంగరం మీద దర్భతో రెండు చుక్కల నీళ్లు ప్రోక్షిస్తే చాలు." తెల్లగుడ్డ పరిచి, బొబ్బర్లు పోసి, వాటి మీద ఉంగరం పెట్టి "ఓం ద్రాం ద్రీం ద్రౌం సః శుక్రాయ నమః" అని జపం చేయించారు. శుక్రవారం ఉదయం కుడిచేతి ఉంగరపు వేలికి పెట్టుకున్నాను. మధ్యవేలు అనేవాళ్లూ ఉన్నారు, మీకు చెప్పినవారి మాటే వినండి.

రాయి చర్మానికి తగలాలని ఉంగరం అడుగు తెరిచి ఉంచుతారు. అంటే చెమట కూడా తాగుతుందన్నమాట. ఎండాకాలం మా విజయవాడలో రాయి కాస్త మబ్బుగానే ఉంటుంది. రాత్రి తీసి పెట్టేస్తే తేరుకుంటుంది.

గట్టిదనం గురించి అంచనాలు తగ్గించుకోవాలి. రాళ్ల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ స్కేలు మీద ఓపల్ 5.5 నుంచి 6.5. మన ఇళ్లలో దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7. అందుకే పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. నా రాయి పైభాగం మొదట్లో ఉన్నంత నున్నగా లేదు, వెలుతురులో వంచి చూస్తే సన్నటి గీతలు తెలుస్తాయి. వెండి నల్లబడితే షాపువాళ్లు మందులో ముంచుతామంటారు, ఒప్పుకోకండి. అల్ట్రాసోనిక్ మెషీన్‌తో, ఆవిరితో శుభ్రం చేయించడం కూడా వద్దు. ఉంగరం సైజు మార్చాలంటే ముందు రాయి తీయించండి, మంట తగిలితే అంతే సంగతులు.

రంగుల మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. లోపల సూక్ష్మమైన సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) గుండ్లు వరసగా పేర్చి ఉండటం వల్ల వెలుగు విడిపోయి ఈ మెరుపు వస్తుందని 1960లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించారు. గుండ్లు పెద్దవైతేనే ఎరుపు కనిపిస్తుంది. షాపులో ట్యూబులైటు కింద చూసి మురిసిపోకండి, గుమ్మం దగ్గరికి తెచ్చి చూడండి. నీలంగా మెరుస్తూ, వెలుగుకు అడ్డం పెడితే నారింజ రంగులో కనిపించే "ఓపలైట్" ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముతున్నారు. అది ఒట్టి గాజు. ఇథియోపియా నల్లరాళ్లు చాలావరకు పొగబెట్టి నలుపు చేసినవి. ల్యాబ్ సర్టిఫికెట్‌లో "సహజమైనది" అన్న మాటతో ఆగకుండా, ట్రీట్‌మెంట్ అన్న చోట ఏం రాశారో చదవండి.

ఫలితం కనిపించిందా అని అందరూ అడుగుతారు. ఈ కొన్నేళ్లలో మంచీ జరిగింది, చెడూ జరిగింది. ఏది ఈ రాయి ఖాతాలో వెయ్యాలో నాకు తెలియలేదు. శుక్రవారం పూట కాసేపు కుదురుగా కూర్చోవడం మాత్రం అలవాటైంది.

మా చెల్లెలు తనకూ కావాలంటే, వంటపని, బట్టలపని చేసే చేతికి ఇథియోపియా రాయి వద్దని చెప్పాను. చిన్నదైనా ఆస్ట్రేలియా తెల్లరాయి తీసుకోమన్నాను, అది ఇలా నీళ్లు పీల్చదు. లేదంటే లాకెట్ చేయించుకోమన్నాను. వాళ్ల సిద్ధాంతిగారు వేలికే ఉండాలంటున్నారట. ఇంకా బేరం నడుస్తోంది.