పీహెచ్‌పీలో ఇన్‌స్టన్స్‌ఆఫ్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

చేతికొచ్చిన ఆబ్జెక్ట్ ఏ క్లాస్‌దో, అంటే ఏ అచ్చు నుంచి తయారైందో, కనుక్కోవడానికి వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీలో నాలుగైదు దారులున్నాయి. పీహెచ్‌పీ 5 రోజుల నుంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు, ఆర్డర్ల సైట్లు రాస్తున్నాను, అన్నీ వాడి చూసి చివరికి ఇది ఫలానా క్లాస్‌దేనా అని అడిగే ఇన్‌స్టన్స్‌ఆఫ్ (instanceof) దగ్గరే ఆగిపోయాను. మంచి ఆపరేటర్. కానీ ఒకచోట మాత్రం చప్పుడు లేకుండా ముంచుతుంది, ఈ సమీక్ష ముఖ్యంగా దాని కోసమే.

2004లో పీహెచ్‌పీ 5తో పాటు ఇది వచ్చింది. అంతకుముందు నుంచీ ఇదే పనికి ఉన్న ఈజ్ ఏ (is_a) ఫంక్షన్‌ను అప్పుడు వాడొద్దన్నారు, మళ్లీ 5.3లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు, కాబట్టి పాత కోడ్‌లో అది కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. నాకు నచ్చనిది గెట్ క్లాస్‌తో పేరు తీసి స్ట్రింగ్‌లా పోల్చడం. సబ్‌క్లాస్ (దాని నుంచి పుట్టిన క్లాస్) వస్తే ఆ పోలిక తప్పుతుంది. డాక్ట్రిన్ (డేటాబేస్ రికార్డులను ఆబ్జెక్టులుగా ఇచ్చే లైబ్రరీ) వాడేవాళ్లకైతే ఇది ఇంకా బాగా తెలుసు: లేజీ లోడింగ్‌లో (డేటాని అవసరమైనప్పుడే తెచ్చే పద్ధతి) మీ ఎంటిటీ బదులు దాని ప్రాక్సీ, అంటే దాని సబ్‌క్లాస్‌గా చేసిన నకలు, చేతికి రావచ్చు, అప్పుడు పేరు వేరే ఉంటుంది, పోలిక ఫెయిల్. ఇన్‌స్టన్స్‌ఆఫ్ పేరెంట్‌నీ, ఇంటర్‌ఫేస్‌నీ (క్లాస్‌లో ఉండి తీరాల్సిన మెథడ్‌ల జాబితా) కూడా చూస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. ఎడమవైపు నల్ (ఏ విలువా లేకపోవడం) ఉన్నా ఎర్రర్ లేకుండా ఫాల్స్ ఇస్తుంది, నల్ చెక్ విడిగా రాసే పని తప్పుతుంది.

ఇక అసలు సంగతి. కుడివైపు రాసిన క్లాస్ అసలు లేకపోయినా ఇది నోరు మెదపదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, క్లాస్ ఫైల్‌ని వెతికి తెచ్చే ఆటోలోడర్‌ని కూడా పిలవదు, ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది. నేమ్‌స్పేస్ (పేర్లు కలిసిపోకుండా పెట్టే విభాగం) ఉన్న ఫైల్‌లో బయటి క్లాస్‌ని తెచ్చుకునే యూజ్ లైన్ పైన మర్చిపోయి, పేరు ముందు బ్యాక్‌స్లాష్ కూడా పెట్టకపోతే ఆ పేరుని అదే నేమ్‌స్పేస్‌లో ఉన్నట్టు తీసుకుంటుంది. ఫంక్షన్లకైతే దొరక్కపోతే గ్లోబల్‌లో వెతుకుతుంది గానీ క్లాసులకు ఆ సదుపాయం లేదు. వేరే టీమ్ నుంచి నా చేతికొచ్చిన ఒక ప్రాజెక్ట్‌లో రీఫండ్ కండిషన్ సరిగ్గా ఇలాగే రాసి ఉంది, ఆ బ్రాంచ్ ఒక్కసారి కూడా నడవలేదు, లాగ్‌లో ఆనవాలు కూడా లేదు. ఎక్సెప్షన్లని పట్టుకునే క్యాచ్ బ్లాక్‌లకూ ఇదే రోగం. అందుకే కోడ్‌ని నడపకుండానే తప్పులు వెతికే పీహెచ్‌పీస్టాన్ లాంటి టూల్ లేకుండా ఇన్‌స్టన్స్‌ఆఫ్ వాడొద్దని గట్టిగా చెబుతాను. లేని క్లాస్‌ని అది అన్నిటికంటే తేలికైన లెవెల్ 0లోనే పట్టిస్తుంది, ఎప్పటికీ ఫాల్స్ అయ్యే చెక్‌లని లెవెల్ 4లో చూపిస్తుంది.

ఇంకొకటి, ఏ పేరుతో అడుగుతున్నామన్నది చూసుకోవాలి. డేట్‌టైమ్ ఇమ్యూటబుల్ (మార్చలేని తేదీ) ఆబ్జెక్ట్‌ని డేట్‌టైమ్ అవునా అని అడిగితే కాదంటుంది, ఎందుకంటే అది దాని సబ్‌క్లాస్ కాదు. 5.5లో వచ్చిన డేట్‌టైమ్ ఇంటర్‌ఫేస్‌తో అడిగితే రెండూ ఒప్పుకుంటాయి. పీహెచ్‌పీ 7 వచ్చాక టైప్‌ఎర్రర్ లాంటివి ఎక్సెప్షన్ కిందకి రావు, కాబట్టి పాత ఎర్రర్ హ్యాండ్లర్లలో ఎక్సెప్షన్ అని అడిగే చోట్లన్నీ ఈ రెండు రకాలనీ కలిపే థ్రోయబుల్‌గా మార్చాలి, ఇది చేయని కోడ్ ఇప్పటికీ చాలా ఉంది.

జావాస్క్రిప్ట్ కూడా రాసేవాళ్లు జాగ్రత్త. పీహెచ్‌పీలో ముందు ఆశ్చర్యార్థకం పెట్టి కాదు అని అడిగితే బ్రాకెట్ లేకపోయినా సరిగ్గానే పనిచేస్తుంది, ఎందుకంటే ముందు ఇన్‌స్టన్స్‌ఆఫ్ జరుగుతుంది. జావాస్క్రిప్ట్‌లో దీనికి రివర్స్, ముందు ఆబ్జెక్ట్‌ని ఫాల్స్ చేసేసి తర్వాత అడుగుతుంది. నేనైతే రెండిట్లోనూ బ్రాకెట్ పెడతాను.

ఈ మధ్య దీని వాడకం నా కోడ్‌లో తగ్గింది. ఫంక్షన్ మొదట్లో రాసే చెక్‌లు చాలావరకు టైప్ డిక్లరేషన్లే (ఏ రకం విలువ రావాలో ముందే రాయడం) చూసుకుంటున్నాయి, 8.0లో యూనియన్ టైప్స్ (రెండు మూడు రకాల్లో ఏదైనా సరే అనడం) వచ్చాక ఇంకాస్త సులువైంది. పేమెంట్ కార్డా, యూపీఐయా, క్యాషా అని వరసగా ఎల్స్‌ఇఫ్‌లు పేరుస్తుంటే మాత్రం రివ్యూలో ఆపేస్తాను, ఆ పని ఇంటర్‌ఫేస్‌లో ఒక మెథడ్‌కి అప్పజెప్పాలి. యూనియన్ టైప్‌తో వచ్చిన ఆర్గ్యుమెంట్ ఏదో తేల్చుకోవడానికీ, ఎక్సెప్షన్ రకాన్ని బట్టి యూజర్‌కి మెసేజ్ మార్చడానికీ ఇప్పటికీ ఇదే వాడుతున్నాను.